కొండ ఊరి సమాచార కౌంటర్‌లో మనతో ఎలా మాట్లాడతారు, ఎందుకలా మాట్లాడతారు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను కొన్నేళ్ళు ఒక కొండ ఊళ్ళో పర్యాటక సమాచార కౌంటర్ వెనక కూర్చున్నాను. ఆ ఉద్యోగం మానేశాక ప్రయాణికుడిగా అలాంటి కౌంటర్ల ముందు చాలాసార్లు నిలబడ్డాను. రెండు వైపులా కోపం వచ్చింది. బల్ల వెనక ఉన్నప్పుడు "కొండెక్కడానికి వస్తూ హవాయి చెప్పులేంటి" అని విసుక్కునేవాణ్ణి. బల్ల ముందు నిలబడ్డప్పుడు "తలెత్తి చూస్తే ఈయన సొమ్మేం పోతుంది" అనుకునేవాణ్ణి. కొండ ప్రాంతాలకు బయల్దేరే ముందు తెలిసినవాళ్ళు నన్ను అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకేలా ఉంటున్నాయి. అందుకే జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను.

కౌంటర్‌లో వాళ్ళు అంత ముభావంగా ఎందుకుంటారు?

అందరూ ఉండరు. ఉన్నవాళ్ళలో చాలామంది అలసిపోయి ఉంటారు. సీజన్‌లో వ్యూ పాయింట్‌కి దారెటని పొద్దుట్నుంచి వందమంది అడుగుతారు. నూటొకటో మనిషికి మాత్రం ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి. ఈ సంగతి సాయంత్రం దాకా గుర్తుంచుకోవడమే ఆ ఉద్యోగంలో అసలు కష్టం. దారులూ బస్సు వేళలూ నెల రోజుల్లో నోటికొచ్చేస్తాయి.

ఆర్లీ హోక్‌షీల్డ్ అనే అమెరికన్ సమాజ శాస్త్రవేత్త విమానాల్లో పనిచేసే సిబ్బందిని దగ్గరగా గమనించి, మొహం మీద నవ్వు నిలబెట్టుకోవడం కూడా జీతానికి చేసే చాకిరీయేనని 1983లో రాశారు. మూటలు మోస్తే ఒళ్ళు అలిసినట్టు, రోజంతా నవ్వితే లోపల ఏదో అలిసిపోతుంది. కౌంటర్ నవ్వు కూడా ఆ బాపతే.

కొండ ఊరికి ఇంకో బాధ ఉంది. మబ్బు కమ్మి శిఖరం కనబడకపోయినా, గాలికి రోప్‌వే ఆగినా, ఘాట్ రోడ్డు మీద కొండచరియ విరిగిపడ్డా జనం వచ్చి నిలదీసేది కౌంటర్‌నే. ఒకాయన నాలుగు రోజులుగా శిఖరం కనబడలేదని డబ్బు వెనక్కిమ్మన్నాడు నన్ను. ఎవరికి కట్టాడో, దేనికి కట్టాడో ఆయనకే తెలీదు. ఆయన వెళ్ళాక వచ్చిన అమ్మాయితో నేను కాస్త కటువుగానే మాట్లాడి ఉంటాను. ఆ అమ్మాయి తప్పేం లేదు.

ఒక్కోసారి ముభావం అనిపించేది జాగ్రత్త కూడా అయి ఉంటుంది. "బ్రహ్మాండంగా ఉంటుంది, వెళ్ళిరండి" అనడం తేలిక. ఆ మాట నమ్మి వెళ్ళినవాళ్ళు చీకటి పడ్డా తిరిగి రాకపోతే ఫోన్ ఎక్కడ మోగుతుందో కౌంటర్‌లో పనిచేసేవాళ్ళకు తెలుసు. అలాగని మూతి ముడుచుకోవడాన్ని నేను వెనకేసుకు రాను. తలెత్తి "ఒక్క నిమిషం" అనడానికి ఎంత అలసటైనా అడ్డం రాదు.

అడిగినదానికి జవాబు చెప్పకుండా ఎదురు ప్రశ్నలు వేస్తున్నారు. అనుమానిస్తున్నారా?

లేదు. మీరు మంచి కౌంటర్‌కి వచ్చారని అర్థం. నన్నడిగితే మంచి కౌంటర్‌ని గుర్తుపట్టడానికి ఇదొక్కటి చాలు.

"జలపాతానికి ఎలా వెళ్ళాలి?" అని అడుగుతారు. పనికిరాని కౌంటర్ బ్రోచర్ చేతిలో పెట్టి "ఎడమవైపు మూడు కిలోమీటర్లు" అంటుంది. పనికొచ్చే కౌంటర్ ఎంతమంది వెళ్తున్నారు, నీళ్ళు ఎన్ని ఉన్నాయి, కాళ్ళకి ఏం వేసుకున్నారు, సాయంత్రం ఏ బస్సు అందుకోవాలి, రాత్రి ఎక్కడ పడుకున్నారు అని అడుగుతుంది. చివరి ప్రశ్న వినగానే కొందరు కస్సుమంటారు. సొంత విషయాలు కూపీ లాగుతున్నారనుకుంటారు. అది మీ ఒంటికి ఎత్తు అలవాటైందో లేదో తెలుసుకునే ప్రశ్న. నిన్న రాత్రి సముద్ర మట్టానికి దగ్గర పడుకుని ఇవాళ మధ్యాహ్నానికి 3,000 మీటర్ల ఎత్తుకు వచ్చిన మనిషికి, అక్కడే మూడు రోజులుగా ఉంటున్న మనిషికి ఒకే దారి చెప్పకూడదు.

మైదానం ఊళ్ళో మ్యూజియంకి దారి చెప్పాలంటే ఇవేవీ అడగక్కర్లేదు. అక్కడ దారి అందరికీ ఒక్కటే. కొండ మీద మాత్రం ఒకే బాట పొద్దున ఆరింటికి ఒక దారి, మధ్యాహ్నం రెండింటికి వేరే దారి. ఎండలో ఒకటి, వాన పడ్డాక ఇంకొకటి. దూరపు కొండలు నునుపు అని ఊరికే అనలేదు పెద్దలు. మీకు నునుపుగా కనబడేదాన్ని కౌంటర్ మనిషి రాళ్ళతో సహా చూస్తుంటాడు.

జపాన్‌లో మనిషి కూర్చుని మాట్లాడే సమాచార కేంద్రానికి ప్రశ్నార్థకం గుర్తు పెడతారు. కరపత్రాలూ మ్యాపులూ మాత్రమే దొరికే చోటికి 'ఐ' అక్షరం గుర్తు. ఆ ప్రశ్నార్థకం ప్రయాణికుడిదనే అందరూ అనుకుంటారు. నా లెక్కలో అందులో సగం వాటా కౌంటర్‌ది.

కాబట్టి వాళ్ళు అడిగేదాకా ఆగకుండా మీరే చెప్పేయండి. "మేం నలుగురం, మా అత్తగారికి మోకాలి నొప్పి, అయిదింటి బస్సు అందుకోవాలి, ఎక్కుడు తక్కువున్న దారి కావాలి." ఇలా అడిగిన మనిషిని చూసి మొహం చిట్లించుకున్న కౌంటర్ మనిషిని నేనింతవరకు చూడలేదు.

వాళ్ళు "వద్దు" అంటే నిజంగా వెళ్ళకూడదా? తమ మీదికి రాకుండా అలా చెబుతారేమో కదా?

కొందరు అలా చెబుతారు, ఒప్పుకుంటాను. కానీ "వద్దు" అనే మాటకి కొండ ఊళ్ళలో చాలా పాత కథ ఉంది.

1820లో జోసెఫ్ హామెల్ అనే శాస్త్రవేత్త ఆల్ప్స్ కొండల్లోని మాంట్ బ్లాంక్ శిఖరం ఎక్కడానికి, దాని కిందనున్న షామొనీ అనే ఊరి గైడ్లను తీసుకుని బయల్దేరాడు. దారిలో వాతావరణం చెడిపోయింది. గైడ్లు వెనక్కి పోదామన్నారు. హామెల్ ముందుకే పోదామని పట్టుబట్టాడు. పైన మంచు చరియ జారి ముగ్గురు గైడ్లను లోతైన మంచు పగులులోకి తోసేసింది. వచ్చిన అతిథులు బతికారు. మరుసటి ఏడాది, 1821లో, షామొనీ గైడ్లు తమ సంఘం పెట్టుకున్నారు. ఎవరు కొండెక్కొచ్చు, ఏ షరతుల మీద తీసుకెళ్ళాలి అనేవాటికి కట్టుబాట్లు అప్పుడు మొదలయ్యాయి. పోయిన ముగ్గురి అవశేషాలూ ఆ కొండ మీది హిమానీనదం (మెల్లగా కిందికి జారే మంచు ప్రవాహం) కింది కొసన 1861లో బయటపడటం మొదలైంది. మంచు వాళ్ళని నలభై ఏళ్ళపాటు మోసుకుంటూ దిగొచ్చింది. ఇది చదివిన రోజు నుంచి "వద్దు" అని చెప్పడానికి నేను మొహమాటపడలేదు.

అయితే అన్ని "వద్దు"లూ ఒకటి కావు. "దారి మూసేశారు" అంటే అది ఆజ్ఞ, అక్కడ బతిమాలి లాభం లేదు. "వెళ్ళొచ్చు, కానీ..." అంటే ఆ "కానీ" తర్వాత వచ్చేదే అసలు సమాచారం. జనం మొదటి మాట వినేసి వెళ్ళిపోతారు. "నేనైతే ఇవాళ వెళ్ళను" అన్నారనుకోండి, ఆగిపోండి. రూల్స్ అడ్డం రానిచోట కౌంటర్ మనిషి తన తరఫున చెప్పగలిగిన గట్టి మాట అదే. పర్మిట్ అవసరమైన చోట తప్ప ఎవర్నీ ఆపే అధికారం చాలా కౌంటర్లకి ఉండదు. మాటే వాళ్ళ దగ్గరున్న సాధనం.

మంచు కొండల్లో మంచు చరియల ప్రమాదాన్ని 5 స్థాయిల్లో చెబుతారు. ఈ కొలతను యూరప్ దేశాలు 1993లో ఒప్పుకున్నాయి. 3వ స్థాయి వినడానికి మధ్యస్థంగా ఉంటుంది, అయిదుకి మూడే కదా అనిపిస్తుంది. స్విట్జర్లాండ్ లెక్కల్లో ఎక్కువ మరణాలు ఆ మూడులోనే జరిగాయి. నాలుగు, అయిదు అంటే జనం ఎలాగూ ఇంట్లోనే కూర్చుంటారు. కౌంటర్ మనిషి "ఇవాళ మూడు" అని కాస్త నొక్కి పలికాడంటే కారణం అది.

మంచి హోటల్, మంచి గైడ్ పేరు చెప్పమంటే తప్పించుకుంటారెందుకు?

చాలాచోట్ల చెప్పకూడదు కాబట్టి. ఊరందరి సొమ్ముతో నడిచే కౌంటర్ ఒక్కరి పేరు చెబితే మిగతావాళ్ళు ఊరుకోరు. షామొనీ గైడ్ల సంఘం మొదట్లోనే వంతు పద్ధతి పెట్టుకుంది. జాబితాలో ఎవరి పేరు ముందుంటే ఆ రోజు పని వాళ్ళది. అతిథికి ఇష్టమైన గైడ్‌ని ఎంచుకోవడం కుదరట్లేదని అప్పట్లో పేరున్న పర్వతారోహకులు చాలా గొణిగారు. వాళ్ళ బాధలో న్యాయం లేకపోలేదు. అటు చూస్తే, పేరు లేని గైడ్ ఇంట్లో పొయ్యి వెలగడానికి ఆ వంతే ఆధారం.

అందుకే "ఏది మంచిది" అని అడక్కండి. "బస్టాండ్‌కి దగ్గరగా, మెట్లు తక్కువగా, ఇవాళ గది ఖాళీ ఉన్నవి ఏవి?" అనండి. దానికి జవాబు చెప్పకూడదనే రూలు ఎక్కడా ఉండదు. గైడ్ విషయంలో "లైసెన్సు ఉన్నవాళ్ళ జాబితా ఉందా, అందులో మన భాష మాట్లాడేవాళ్ళు ఎవరు?" అంటే చాలు.

ఇక అడక్కుండానే ఒక కార్డు మీ చేతిలో పెట్టి "నా పేరు చెప్పండి" అన్నారంటే అక్కడ కమీషన్ ఉంది. ఒకసారి ఒక ఊళ్ళో పెద్ద అక్షరాలతో సమాచార కేంద్రం అని బోర్డు చూసి లోపలికి వెళ్ళాను. ఇరవై నిమిషాలు మర్యాదగా, చిరునవ్వుతో మాట్లాడారు. బయటికొచ్చాక చూస్తే నా చేతిలో ఒక ప్యాకేజీ రసీదు ఉంది, ఊరి మ్యాప్ లేదు. అది ప్రైవేటు ట్రావెల్ ఏజెన్సీ. అసలు కేంద్రం పక్క సందులో, పెచ్చులూడిన గోడల మధ్య ఉంది. అక్కడున్నాయన ఒక్కసారి కూడా నవ్వలేదు. కానీ మ్యాప్ మీద పెన్నుతో మూడు గీతలు గీసి నా రెండు రోజులు కాపాడాడు.

తేడా తెలుసుకోవడానికి నేను వాడే చిట్కా ఒకటుంది. "టికెట్ లేకుండా, ఊరికే నడిచి చూసొచ్చేది ఏముంది?" అని అడగండి. నిజమైన కౌంటర్ మనిషికి ఆ ప్రశ్నంటే ప్రాణం. అమ్మేవాడికి అది మింగుడుపడదు.

"ఎంతసేపు పడుతుంది?" అంటే సూటిగా చెప్పరేం?

మీ నడక వాళ్ళకి తెలీదు. మీకూ తెలియకపోవచ్చు, మైదానంలో నడిచే వేగం కొండ మీద లెక్కలోకి రాదు. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు ఒక చిన్న లెక్క చెప్పాడు. దాన్ని మన కొలతల్లోకి మారిస్తే, 5 కిలోమీటర్లకు గంట చొప్పున వేసుకుని, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట కలపాలి. పది కిలోమీటర్ల దారి, 600 మీటర్ల ఎక్కుడు అంటే మూడు గంటలన్నమాట. ఇది అలవాటున్న, ఒంట్లో సత్తువున్న మనిషికి. ఆగడం, ఫొటోలు, పిల్లాడు మారాం చేయడం ఇందులో లేవు.

దారి బోర్డుల మీద రాసే సమయాలూ అంతే. స్విట్జర్లాండ్ నడకదారుల పసుపు బోర్డుల మీద సమయాన్ని చదునైన నేల మీద గంటకు 4.2 కిలోమీటర్ల వేగంతో లెక్కగట్టి, ఎక్కుడు దిగుడులకు తగ్గట్టు సరిచేస్తారు. మధ్యలో కూర్చునే సమయం కలపరు. ఆ సంగతి తెలీక "బోర్డు మీద రెండు గంటలనుంది, మాకు మూడున్నర పట్టింది" అని దెబ్బలాడటానికి వచ్చేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు.

మంచి కౌంటర్ మనిషి గంటలు చెప్పడు. "పదకొండింటికి వంతెన దగ్గర లేకపోతే అక్కణ్ణుంచి వెనక్కి తిరగండి" అంటాడు. గడియారం చూసుకోవడం తప్ప మీరు చేయాల్సిన లెక్కేమీ ఉండదు.

వాతావరణం గురించి అడిగితే భుజాలెగరేశారు. ఇది నిర్లక్ష్యం కాదా?

భుజాలెగరేయడం నిర్లక్ష్యమే. "కొండ మీద చెప్పలేమండీ" అనడం మాత్రం నిజం. అయినా చెప్పగలిగినవి కొన్ని ఉన్నాయి, వాటిని రాబట్టండి. ఊళ్ళో ఎంత చలి ఉందో తెలిస్తే పైన ఎంతుంటుందో ఉజ్జాయింపుగా చెప్పొచ్చు. 1,000 మీటర్లు ఎక్కితే ఇంచుమించు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. గాలి వీస్తే ఒంటికి ఇంకా చల్లగా తగులుతుంది. ఎండ సంగతి దీనికి తలకిందులు. చల్లగా ఉందని టోపీ తీసేస్తారు, కానీ ప్రతి 1,000 మీటర్లకు అతినీలలోహిత కిరణాలు సుమారు 10 శాతం పెరుగుతాయి. కొత్త మంచు ఉంటే ఆ కిరణాలు కింది నుంచీ కొడతాయి.

ఎండాకాలంలో కొండల మీద ఉరుములు ఎక్కువగా మధ్యాహ్నం తర్వాతే మొదలవుతాయి. అందుకే "తొందరగా బయల్దేరండి" అనే మాట ప్రతి కౌంటర్‌లోనూ వినబడుతుంది. మెరుపు కనబడ్డాక ముప్ఫై సెకన్లు లెక్కపెట్టేలోగా ఉరుము వినబడితే అది పది కిలోమీటర్లలోపే ఉన్నట్టు. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా గట్టు మీదికి రావద్దు.

తలనొప్పిగా ఉందని చెబితే పట్టించుకోలేదు.

ఇది నాకు కోపం తెప్పించే విషయం. కౌంటర్ మనిషి డాక్టర్ కాదు, మందు చెప్పకూడదు. కానీ ఎత్తైన ఊళ్ళో "తలనొప్పి" అనే మాట వింటే చేతిలో పెన్ను కింద పెట్టాలి.

సుమారు 2,500 మీటర్లు దాటాక చాలామందికి తలనొప్పి, వికారం, నీరసం, నిద్ర పట్టకపోవడం ఉంటాయి. తగ్గేదాకా ఇంకా పైకి వెళ్ళకూడదు. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచొద్దని, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలని కొండ వైద్యులు చెబుతారు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, నడిస్తే తూలిపోవడం, మాట తడబడటం ఉంటే వెంటనే కిందికి దిగాలి. తెల్లారేదాకా ఆగుదామనుకోకూడదు.

మీ కౌంటర్ పట్టించుకోకపోతే గొంతు పెంచండి. "నిన్ననే వచ్చాం, ఈవిడ తూలుతోంది, దగ్గర్లో డాక్టర్ ఎక్కడ?" అని మూడు ముక్కల్లో చెప్పండి. మర్యాదలు తర్వాత చూసుకోవచ్చు.

బట్టలూ బ్యాగులూ చూసి మనుషుల్ని అంచనా వేస్తారా?

వేస్తారు. నేనూ వేశాను.

ఒకసారి అరవై దాటిన ఒకావిడ చీర మీద స్వెట్టర్ వేసుకుని, చేతిసంచీతో వచ్చి పైనున్న సరస్సుకి దారి అడిగింది. నేను ఆవిడ మొహం కూడా సరిగ్గా చూడకుండా "అది మీ వల్ల కాదమ్మా, కింద పార్కుంది" అన్నాను. ఆవిడేం అనలేదు. పక్కనున్న కుర్రాళ్ళకి మెరిసే జాకెట్లు, కొత్త కర్రలు ఉన్నాయి. వాళ్ళకి మ్యాప్ పరిచి మరీ చెప్పాను. మర్నాడు ఆ కుర్రాళ్ళే వచ్చి చెప్పారు. సగం దారిలో ఒకడి కాలు బెణికితే, సరస్సు చూసి తిరిగొస్తున్న ఆవిడే తన చీర చెంగు చించి కట్టు కట్టి కిందికి దింపిందట. పుట్టి పెరిగిందంతా కొండల్లోనేనట. నేను రెండే రెండు ప్రశ్నలు వేసి ఉంటే అది తెలిసేది.

అందుకే పైన అంతసేపు ప్రశ్నల గురించి రాశాను. ప్రశ్న వేయని కౌంటర్ బట్టల్ని చూసి జవాబు చెబుతుంది. డబ్బున్నట్టు కనబడితే ఖరీదైన టూర్లు, వయసు కనబడితే పార్కు, ఆడవాళ్ళు ఒంటరిగా కనబడితే "ఇంకెవరూ రాలేదా?". మీకలా జరిగితే "నేనింతకు ముందు ఫలానా చోట్లకు నడిచాను" అని ఒక్క వాక్యం చెప్పి, అడిగిందే మళ్ళీ అడగండి. నిజానికి మీరు చెప్పుకోవాల్సిన అవసరం రాకూడదు. కానీ దారి కావాల్సింది మనకి.

భాష రాకపోతే చులకనగా చూస్తారా?

కొన్నిచోట్ల చూస్తారు. ఎక్కువచోట్ల ఏం చేయాలో తెలీక బిగుసుకుపోతారు, అది మనకి చులకనలా అనిపిస్తుంది. మ్యాప్ ముందుపెట్టి వేలితో చూపించండి, గంటలు అంకెల్లో రాసి చూపించండి. ఫోన్‌లో అనువాదం చేసే యాప్ వాడితే చిన్న వాక్యాలే ఇవ్వండి. తల ఊపడాన్ని మాత్రం నమ్మకండి. ఒక్కోచోట అవుననడానికి ఊపే తీరు మనకి కాదన్నట్టు కనబడుతుంది.

మాతో చక్రాల కుర్చీలో ఉన్న మనిషి ఉన్నారు. సరైన జవాబు దొరుకుతుందా?

"వెళ్ళొచ్చా" అని అడిగితే చాలాసార్లు దొరకదు. సిబ్బంది మంచివాళ్ళే అయినా ఆ దారిని చక్రాల కళ్ళతో ఎప్పుడూ చూసి ఉండరు. మెట్లు ఎన్ని, గేటు వెడల్పెంత, నేల సిమెంటా కంకరా, వాహనం ఎక్కడిదాకా వెళ్తుంది అని విడివిడిగా అడగండి. తెలియకపోతే అక్కడున్నవాళ్ళకి ఫోన్ చేసి కనుక్కోమనండి. మీరున్నప్పుడే చేయించండి, తర్వాత చేస్తామంటే ఆ తర్వాత రాదు. ఇంకో మాట. కుర్చీలో ఉన్నవారిని వదిలేసి వెనక తోసేవాళ్ళతో మాట్లాడే అలవాటు చాలా కౌంటర్లకి ఉంది. "ఆయన్నే అడగండి" అని ఒక్కసారి అంటే చాలావరకు సర్దుకుంటారు.

ఫోన్‌లో అన్నీ ఉన్నప్పుడు కౌంటర్‌కి వెళ్ళడం దేనికి?

ఫోన్‌కి నిన్నటి సంగతి తెలుసు. ఇవాళ పొద్దున వంతెన పలక ఒకటి ఊడిందని కౌంటర్‌కి తెలుసు. పైగా కొండ మలుపు తిరిగితే సిగ్నల్ ఉండదు, చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది. కాగితం మ్యాప్ తీసుకోండి, ఎక్కడ సిగ్నల్ దొరుకుతుందో గుర్తు పెట్టించుకోండి. ఆపదలో ఏ నంబరుకి ఫోన్ చేయాలో అడిగి రాసుకోండి. భారత్‌లోనూ యూరప్ యూనియన్ దేశాల్లోనూ అది 112. సిగ్నలే లేకపోతే ఈల గానీ టార్చి గానీ నిమిషానికి 6 సార్లు, ఒక నిమిషం ఆగి మళ్ళీ 6 సార్లు. అవతలివాళ్ళు 3 సార్లు బదులిస్తే మిమ్మల్ని చూసినట్టు. ఈ ఆల్ప్స్ సంకేతం 1894 నుంచి వాడుకలో ఉంది. మీరు అడిగితే సంతోషంగా నేర్పుతారు, ఎవరూ అడగరు.

టాయిలెట్ ఎక్కడని అడిగితే ఏమనుకుంటారో?

ఏమీ అనుకోరు. రోజూ వాళ్ళు ఎక్కువగా చెప్పే జవాబు అదే.

ఏ సమయంలో వెళ్తే బాగా మాట్లాడతారు?

తలుపు తీసిన అరగంటకి వద్దు, పెద్ద బస్సు దిగిన పావుగంటకి అసలే వద్దు. మధ్యాహ్నం మూడు తర్వాత, మర్నాటి ప్రయాణం గురించి మాట్లాడటానికి వెళ్ళండి. అప్పటికి కొండ దిగొచ్చినవాళ్ళ కబుర్లూ వాళ్ళ చెవిన పడి ఉంటాయి.

కసురుకున్నారు. ఏం చేయాలి?

ముందు అవసరమైన సమాచారం రాబట్టండి, పోట్లాట తర్వాత. "మీకు రద్దీగా ఉన్నట్టుంది, కాసేపాగి రానా?" అంటే పదిమందిలో తొమ్మిదిమంది సిగ్గుపడి మెత్తబడతారు. మెత్తబడని పదో మనిషి కోసం ఫిర్యాదు పుస్తకం ఉంటుంది. తేదీ, సమయం, జరిగిన మాట రాయండి. "మర్యాద లేదు" అని రాస్తే ఎవరూ చదవరు. "ఉదయం 10:20కి దారి అడిగితే తలెత్తకుండా బ్రోచర్ విసిరారు" అని రాస్తే పైవాళ్ళు అడిగి తీరాలి. నా మీద ఒకసారి అలాంటిది వచ్చింది. ప్రతి అక్షరం నిజమే.

బాగా మాట్లాడినప్పుడు కూడా అదే పుస్తకంలో రాయొచ్చని జనానికి తోచదు.

తప్పు దారి చెప్పారు. అడగొచ్చా?

అడగాలి, అదీ ఆ రోజే. కోపం కన్నా ఎక్కడ తేడా వచ్చిందో చెప్పడం ముఖ్యం. మ్యాపే పాతదై ఉండొచ్చు, మీ వెనక ఇంకో పదిమంది అదే మ్యాప్ పట్టుకుని వెళ్తుంటారు. "తెలీదు, కనుక్కుని చెబుతా" అన్నవాళ్ళ మీద మాత్రం విసుక్కోకండి. తెలీకపోయినా తెలిసినట్టు చెప్పే మనిషి కొండ ఊళ్ళో అందరికన్నా ప్రమాదం.

తిరిగొచ్చాక వాళ్ళకి చెప్పాల్సిన అవసరం ఉందా?

పేరు రాసి వెళ్ళి ఉంటే తప్పకుండా చెప్పాలి. లేకపోతే మీరు గదిలో హాయిగా పడుకుని ఉండగా మీ కోసం చీకట్లో మనుషులు వెతకడానికి బయల్దేరతారు. అన్ని కౌంటర్లూ ఇలా పేర్లు రాసుకోవు. రాసుకోని చోట ఇంట్లోవాళ్ళకి, లేదా బస చేసిన చోట ఎవరికైనా, ఏ దారిన వెళ్తున్నదీ ఎప్పటికి రాకపోతే కంగారుపడాలో చెప్పి వెళ్ళండి.

పేరు రాయకపోయినా ఒకసారి తొంగిచూసి వెళ్తే మంచిది. కౌంటర్ మనిషి రోజూ కొండెక్కలేడు. పైన ఏముందో అతనికి తెలిసేది దిగొచ్చినవాళ్ళ నోటి నుంచే. మా కౌంటర్ పక్కన గోడకి దారంతో ఒక నోటుపుస్తకం వేలాడుతుండేది. అందులో ఎక్కువ పేజీలు "సూపర్", "చాలా బాగుంది" అనేవాటితో నిండిపోయేవి. ఒక రోజు పెన్సిల్‌తో, చిన్నపిల్లల రాతలో ఒక వాక్యం కనబడింది. "రెండో వంతెన దగ్గర తేనెపట్టు ఉంది, ఎడమ పక్క నుంచి వెళ్ళండి." ఆ వారమంతా వచ్చిన ప్రతి ఒక్కరికీ నేను మొదట చెప్పింది ఆ మాటే.